బాలింతకు చెంబెడు నీళ్ళు

సేవ అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. మా చుట్టాల్లో చాలామందికి ఆ మాట ఇష్టం. పెళ్ళిరోజుకో పుట్టినరోజుకో ఆస్పత్రికి పోయి, మంచానికొక బ్రెడ్డు ప్యాకెట్టు పంచి, రోగి మొహం కెమెరా వైపు తిప్పించి ఫొటో దిగి వస్తారు. నేను వారానికొకసారి దొనకొండ అవతల పల్లెలో క్లినిక్కుకు పోతున్నానని తెలిసి వాళ్ళంతా "పుణ్యం చేసుకుంటున్నావు వదినా" అన్నారు. పుణ్యమే కావాల్సి ఉంటే దోర్నాల మీదుగా శ్రీశైలం బస్సు ఎక్కి సీట్లో కునుకు తీస్తూ పోయేదాన్ని కదా. ప్యాసింజరు బండిలో చెమటలు కక్కుతూ, దిగాక షేర్ ఆటోలో ఎరువుల బస్తా మీద కూర్చుని పోవడం దేనికి?

ఇష్టమై పోతాను. అంతకు మించి కారణం చెప్పమంటే నా దగ్గర లేదు.

మార్కాపురంలో మాది బట్టల కొట్టు. కోడలు వచ్చాక వంటిల్లు ఆమెది అయిపోయింది. అందరూ నన్ను చూసి జాలిపడ్డారు గానీ, నాకైతే జైలు తలుపు తీసినట్టుంది. ఆ సమయంలోనే ఒక ట్రస్టు వాళ్ళు పల్లెల్లో క్లినిక్కులు పెడుతున్నామని, బీపీ, షుగరు చూడ్డం నేర్పిస్తామని, జీతం మాత్రం ఉండదని చెప్పారు. మరునాడే పోయి పేరిచ్చాను. మా ఆయన భోజనం ముందు కూర్చుని "మనకేం తక్కువని ఈ వయసులో నీకిది?" అన్నాడు. "తక్కువయిందనే అనుకోండి" అన్నాను. ఆ వారం బండెక్కాను. ఇప్పటికీ ఎక్కుతూనే ఉన్నాను.

క్లినిక్కంటే పెద్దగా ఊహించుకోవద్దు. ఊరికి ఎడంగా ఒక చర్చి, దాని చుట్టూ కొన్ని ఇళ్ళు. చర్చి పక్కన పాస్టరు గారు ఇచ్చిన రెండు గదులు. ఒక గదిలో డాక్టరమ్మ, ఇంకో గదిలో నేను, నా బీపీ మిషను. డాక్టరమ్మ గుంటూరు వైపు పిల్ల, నా కూతురి కన్నా చిన్నది. నన్ను ఆంటీ అంటుంది. అక్కడికి వచ్చేవాళ్ళంతా కూలి పనులకు పోయేవాళ్ళు. మిరపకాయల కోతలు, అవి అయిపోయాక ఉపాధి హామీ కరువు పని. వాళ్ళు మొదట్లో నన్ను శెట్టెమ్మా అని పిలిచేవాళ్ళు, మేం కోమట్లమని వాళ్ళకు తెలుసు కాబట్టి. నెలలు గడిచేకొద్దీ అక్కా అనడం మొదలుపెట్టారు. నా చేతికి గాజుల కన్నా ఆ పిలుపు ఎక్కువ నిండుగా అనిపించేది, సిగ్గులేకుండా చెప్తున్నాను.

అక్కడ అందరికీ కావాల్సింది సూది. సూది లేని వైద్యం వాళ్ళ లెక్కలో వైద్యమే కాదు. బీపీ పట్టీ కడితే "ఈ చేతికి కూడా కట్టక్కా, ఇది కూడా నొప్పిగానే ఉంది" అని రెండో చెయ్యి చాపేవాళ్ళు. మాత్రలిస్తే కాగితాన్ని అటూ ఇటూ తిప్పి "ఇంతేనా?" అనేవాళ్ళు. సూది కన్నా గొప్పది ఒకటుంది, బాటిలు. అంటే సెలైను. బాటిల్ ఎక్కించుకుంటే ఒంట్లోకి బలం దిగుతుందని నమ్మకం. ఊళ్ళో సంచీ డాక్టరు ఒకాయన ఉన్నాడు. దూలానికి తాడు కట్టి, బాటిలు వేలాడదీసి పోతాడు. డాక్టరమ్మ ఈ బాటిళ్ళ పిచ్చిని తిట్టి తిట్టి అలిసిపోయింది.

మొన్నటి ఎండాకాలం సంగతి చెప్తాను. ఆ రోజు పొద్దున తొమ్మిదికే క్లినిక్కు పైన రేకులు చిటపటమంటున్నాయి. ఒకామె పసిబిడ్డను చీర కొంగులో చుట్టుకొని వచ్చింది. నాకు బాగా తెలిసిన మనిషి. క్లినిక్కు పెట్టిన కొత్తలో జనం రాకపోతే, ఇల్లిల్లూ తిరిగి తీసుకొచ్చింది ఆమే. మాట దురుసు, మనసు మంచిది. ఆ బిడ్డ ఆమె మనవడు. కూతురు తొలికాన్పుకు పుట్టింటికి వచ్చి, ప్రసవం అయ్యి ఇంకా పది దినాలు కూడా నిండలేదు.

"పాలు సాలట్లేదక్కా పిల్లోడికి. డబ్బా పాలు ఏదన్నా రాయమని చెప్పు," అంది.

తూకం వేశాను. పుట్టినప్పటి కన్నా బాగా తగ్గాడు. ఏడుపులో బలం లేదు, పిల్లి కూతలా సన్నగా వస్తోంది. ఒంటికి చుట్టిన గుడ్డ పొడిగా ఉంది. ఎప్పటి నుంచి పొడిగా ఉందంటే రాత్రి నుంచి అంది. డాక్టరమ్మ బిడ్డను చూసి "తల్లి ఏదీ?" అని అడిగింది.

"బాలింతరాలు గదమ్మా, ఈ ఎండన బడి యాడికొస్తాది? జరంగా కూడా ఉంది పిల్లకు."

"నీళ్ళు బాగా తాగుతోందా?"

ఆమె నా వైపు తిరిగి నవ్వింది, ఈ గుంటూరు పిల్లకు ఏమీ తెలియదు చూడు అన్నట్టు. "బాలింతకు నీళ్ళేందమ్మా? పొద్దున కాయం మందు ముద్ద తిన్నాక ఒక గుక్క, మాపిటేల అన్నం తిన్నాక ఒక గుక్క. అది గూడా ఏడేడిగా ఇస్తాండా."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. మిగతా రోగులను కూర్చోమని చెప్పి ముగ్గురం ఆ ఇంటికి నడిచాం.

ఒకటే గది, పైన రేకులు. కిటికీకి గోనెపట్టా కట్టేశారు. ఫ్యాను ఉంది, కానీ ఆపేశారు, గాలి తగలకూడదని. మంచం కింద కుంపట్లో పిడకల నిప్పు. ఆ పిల్ల తలకు గుడ్డ చుట్టుకొని, చెవుల్లో దూది పెట్టుకొని, గోడ వైపు తిరిగి పడుకొని ఉంది. గట్టిగా ఇరవై ఏళ్ళుంటాయి. పెదాలు పగిలి నెత్తురు గడ్డకట్టింది. నాలుక చాపమంటే అంగిలికి అంటుకున్న నాలుక చప్పుడు చేస్తూ ఊడి వచ్చింది. ఒంటేలుకు పోయి ఎంతసేపయిందంటే గుర్తులేదంది.

"దప్పికవుతోందా?" అని అడిగాను.

ఆ పిల్ల తన తల్లి మొహం చూసింది. తర్వాత లేదని తల ఊపింది.

నాకు కోపం ముంచుకొచ్చింది. ఎవరి మీదో నాకే తెలియలేదు. ఎందుకంటే ఆ మంచం నాకు తెలుసు. గిద్దలూరులో మా పుట్టింట్లో నా తొలికాన్పుకు నేనూ అట్లాంటి గదిలోనే పడుకున్నాను. మా వీధిలో ముందుగా ఫ్రిజ్జు కొన్నది మా నాయనే. బజారు జనం వచ్చి చల్లటి నీళ్ళు తాగి పోయేవాళ్ళు. నేను తలుపు వెనకాల పడుకొని ఆ ఫ్రిజ్జు తలుపు తీసిన చప్పుడు, మూసిన చప్పుడు వింటూ ఉండేదాన్ని. నాకు మాత్రం చిన్న గిన్నెలో వేడినీళ్ళు. మా అమ్మ ప్రేమగానే పోసేది, ప్రేమగానే ఆపేది. కాబట్టి ఇదంతా చదువులేని వాళ్ళ మూఢత్వమనీ, పల్లెటూరి వాళ్ళ అజ్ఞానమనీ ఎవరూ నా దగ్గర అనొద్దు. బీరువా నిండా పట్టుచీరలున్న ఇంట్లోనూ బాలింత నాలుక ఇట్లాగే ఎండింది.

డాక్టరమ్మ పిల్లను పూర్తిగా చూసింది. పుండు లేదు, చీము లేదు, జ్వరం ఒళ్ళు ఎండిపోయి వచ్చిందే అంది. ఇప్పటి నుంచే బాగా నీళ్ళు తాగాలి, బిడ్డకు గంటకోసారి రొమ్ము పట్టాలి, సాయంత్రంలోగా ఒంటేలు రాకపోతే తల్లినీ బిడ్డనూ మార్కాపురం పెద్దాస్పత్రికి తీసుకుపోవాల్సిందే, ఆలస్యం చేస్తే ఇద్దరికీ ప్రమాదం అని విడమరిచి చెప్పింది.

ఆ పిల్ల వాళ్ళమ్మ మూలనున్న చెంబు వైపు కూడా చూడలేదు. "నీళ్ళు మాత్రం వద్దమ్మా. తాగితే పొట్ట జారుతాది, ఒళ్ళు నీరు పడుతాది, పిల్లోడికి జలుబు జేస్తాది. బాటిల్ ఎక్కియ్యి. రెండు ఎక్కియ్యి, నేనేమీ అనను."

"బాటిల్లో ఉండేది ఏందనుకున్నావు?" అన్నాను. "నీళ్ళే. ఉప్పేసిన నీళ్ళు."

"అది మందక్కా. నరంలో పోతాది. కడుపులోకి పోదు గదా."

గడప మీద ఆమె అత్త కూర్చుని ఉంది, అంటే ఈ బాలింతకు నాయనమ్మ. అంతా అవ్వ అంటారు. కాళ్ళు చాపుకొని, చేతిలో ఆకు నలుపుకుంటూ, "మేం కనలా? మేం బతకలా?" అంది, ఎవరినీ ఉద్దేశించనట్టు.

డాక్టరమ్మ నన్ను వసారాలోకి పిలిచింది. "ఆంటీ, వీళ్ళతో వాదించి టైం వేస్టు. నా దగ్గర ఓఆర్ఎస్ పొట్లాలున్నాయి. బాలింత మందు, గంటగంటకూ గ్లాసు తాగాలి అని చెప్తాను. ధనియాలేసి కాచిన కషాయం అని ఇంకొకటి చెప్తాను. మందంటే తాగిస్తారు. నీళ్ళనే మాట ఎత్తకండి, చాలు."

తెలివైన మాటే. ఎవరైనా అదే చేస్తారు. అయినా తల అడ్డంగా ఊపాను. "నేను ఒప్పుకోను," అన్నాను.

"ఏం ఆంటీ? పిల్ల బతకడం ముఖ్యం కదా!"

"ఈ పిల్ల తాగుతుంది. పక్కింట్లో ఒక పిల్ల ఆరో నెలతో ఉంది, నువ్వే చూశావు కదా. అది కన్నప్పుడు నువ్వు ఈ ఊళ్ళో ఉంటావా? కషాయం తాగి లేచిందని చెప్పుకుంటారు. నీళ్ళు తాగి లేచిందని ఎవరూ చెప్పుకోరు. దాని గొంతు కూడా ఇట్లనే ఎండుతుంది."

"అది తర్వాత సంగతి."

"నీకు తర్వాత సంగతి. ఒక్క పదినిమిషాలు ఆగు. నా వల్ల కాకపోతే నువ్వు చెప్పిన కషాయమే పోద్దాం."

డాక్టరమ్మ గడియారం చూసుకొని సరేనంది. ఆమెకు నా మీద నమ్మకం లేదని మొహంలోనే తెలిసింది. నాకు మాత్రం ఉందా ఏంటి? లోపలికి పోయాను.

లోపల బోధ చేయలేదు. పోట్లాడాను. నీ బిడ్డ కళ్ళు చూడు, లోపలికి పోయినాయి అన్నాను. నీ ఇంటి బర్రె ఈనితే దానికి కుడితి తొట్టి నిండా పెడతావే, కడుపున పుట్టినదానికి చెంబెడు పెట్టవా అన్నాను. ఇంత ఆచారం దేనికి, ఇది ఎవరు చెప్పినారు నీకు అన్నాను. నా గొంతు వీధిలోకి వినపడి ఉంటుంది. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు వచ్చి అవ్వ వెనకాల నిలబడ్డారు.

అంతదాకా నేల చూస్తూ ఉన్న ఆ పిల్ల వాళ్ళమ్మ తల ఎత్తింది.

"ఆచారం ఇడవమంటాండావా శెట్టెమ్మా?"

అక్క పోయింది. శెట్టెమ్మ వచ్చింది. చెంప మీద కొట్టినట్టయింది నాకు.

"నీ బుజానికి ఆ సంచీలో ఏముంది? నీ సీసా. మార్కాపురం నుంచి మోసుకొస్తావు. ఇన్ని నెలలైంది, మా ఇండ్లల్లో ఒక్క గుక్క తాగినావా? పాస్టరమ్మ నీకు టీ ఇయ్యాలని కాగితం కప్పులు కొనుక్కొచ్చింది, మా గలాసులో ఇస్తే తాగవని. నీ ఆచారం నువ్వు ఇడవవు. మాది మమ్మల్ని ఇడవమంటావు."

డాక్టరమ్మ "అది కాదమ్మా, ఇక్కడ బోరు నీళ్ళు మంచివి కావని మేమే అందరికీ..." అని ఏదో సర్దబోయింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను. సీసా తెచ్చుకున్నది ఫ్లోరైడుకు భయపడే, అది అబద్ధం కాదు. కానీ వాళ్ళింట్లో మూలన ఉన్నది బోరు నీళ్ళు కాదు, మేం మార్కాపురంలో కొనుక్కునేలాంటి క్యాన్ నీళ్ళే. అది నేను వచ్చినప్పుడల్లా చూస్తూనే ఉన్నాను.

మూలకు పోయి, క్యాన్ వంచి, చెంబులోకి నీళ్ళు పట్టాను. మా ఇంట్లో ఎవరూ చెంబు కరిచి తాగరు, ఎత్తి పోసుకుంటారు. నేను పెదాలకు ఆనించి, కరుచుకొని, గడగడా తాగాను. గడ్డం మీద కారి రవిక తడిసింది. నిజం చెప్పాలంటే ఆ ఎండలో నడిచి వచ్చానేమో, ఆ నీళ్ళు నాకు ఎంత కమ్మగా ఉన్నాయో చెప్పలేను. అడుగున కొంచెం మిగిలితే అదీ తాగేసి, ఆ చెంబే మళ్ళీ నింపి ఆమె చేతిలో పెట్టాను.

"ఇడిసినా," అన్నాను. "ఇంట్లో ఏమంటారో అనుకోనీ. ఇప్పుడు నీ వంతు."

ఆమె చెంబు పట్టుకొని అట్లనే నిలబడింది. గుండెకు ఆనించుకుంది గానీ మంచం వైపు అడుగు వేయలేదు.

"పొయ్యకు," అంది గడప మీద నుంచి అవ్వ. "పిల్లకేమన్నా అయితే ఈ శెట్టెమ్మ వస్తాదా మొయ్యను?"

"వస్తా," అన్నాను. "నీళ్ళు తాగి చచ్చినోళ్ళను నాకు ఒక్కరిని చూపియ్యి. ఎండి చచ్చినోళ్ళను నేను చూపిస్తా."

అవ్వ తుపుక్కున ఉమ్మింది. వెనకాల ఆడవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. ఇట్లా అరుచుకుంటూ ఉండగా మంచం మీద నుంచి సన్నగా ఏదో వినపడింది. ఎవరం పట్టించుకోలేదు. రెండోసారి గట్టిగా వినపడింది.

"అమ్మా, దప్పికైతాంది."

ఆ పిల్ల మోచేతి మీద లేచి కూర్చుంది. తల గుడ్డ జారిపోయింది. చెవిలో దూది తీసి మంచం మీద పెట్టింది. "దప్పికైతాంది మా. రాత్రి నుంచి నాకు నీళ్ళే కనబడతాండాయి. నువ్వు తిడతావని చెప్పల్యా," అని ఏడవబోయింది. కళ్ళల్లో నీళ్ళు కూడా రాలేదు.

తల్లి మంచం దగ్గరికి పోయింది. కూతురి తల వెనక చెయ్యి పెట్టి చెంబు పెదాలకు ఆనించింది. ఆ పిల్ల రెండు చేతులతో చెంబు పట్టుకొని తాగడం మొదలుపెట్టింది. తాగుతూ ఉంటే ఆ గొంతు కదలడం గదిలో అందరం చూస్తున్నాం.

అవ్వ గడప మీద నుంచి లేవబోయింది. "చెప్తాంటే నీగ్గాదూ?"

"నువ్వు కూసో అత్తా!"

అంత గట్టిగా ఆమె అత్తను అనడం ఆ ఊళ్ళో ఎవరూ విని ఉండరనుకుంటాను. వెనకాల ఉన్న ఆడవాళ్ళు ఒక అడుగు వెనక్కి వేశారు.

"నాకు పుట్టిల్లు లేకపాయె. దీన్ని కన్నప్పుడు నువ్వే పురుడు పోసినావు. అప్పుడు గూడా ఇదే ఎండ. జరమొస్తే నా నుదుటి మీద తడిగుడ్డ ఏసి నువ్వు పనికి పోయినావు." ఆమె చెంబు దించలేదు, కూతురి మొహం మీద నుంచి చూపు కూడా తిప్పలేదు. "నువ్వు పోయినాక ఆ గుడ్డ నోట్లో కుక్కుకొని పీల్చినా అత్తా. సబ్బు కంపు. అయినా పీల్చినా. ఎండినాక ఇంగా ఏమన్నా వస్తాదేమోనని నమిలినా. ఎవరికీ చెప్పల్యా ఇంతవరకు. నా మొగుడికి గూడా చెప్పల్యా. నా బిడ్డకు అది వద్దు. మీరెవరేమన్నా అనుకోండి, పోస్తా."

చెంబు ఖాళీ అయింది. ఆ పిల్ల దాన్ని వదలకుండా పట్టుకొని ఊపిరి తీసుకుంటోంది. డాక్టరమ్మ గోడకు ఆనుకొని నిలబడింది. కషాయం మాట మళ్ళీ ఎత్తలేదు. నేను కూడా గెలిచానని అనుకోలేదు, ఎందుకంటే ఆ మాటలు నాతో అన్నవి కావు.

అవ్వ చేతిలో ఆకు నలిగి పిండైపోయింది.

"నాకు ఆ గుడ్డ గూడా ఎయ్యలేదే మా అత్త," అంది.

అవ్వ గడప మీద నుంచే మెడ సాచి మంచం వైపు చూసింది.

"ఇంగో చెంబు ముంచు," అంది కోడలితో. "నిదానంగా తాగమను. పొలమారుతాది."